నీటి సత్తువ

జలవిద్యుత్తును గూర్చి పల్లెపట్టున ప్రసంగింపబూనిన వానికి ఒక ప్రశ్న తప్పక ఎదురగును. "డ్యాము కాడ నీళ్లలోనించి కరెంటు లాగేస్తారు గదా అయివారూ, ఇంక ఆ నీళ్లలో సత్తవ ఏముంటాది? ఆ నీళ్లు పారితే పైరు పండుతాదా?" అని పలమనేరు వైపు ముసలి రైతు అడిగినపుడు పట్టణమున చదువుకొన్న కుర్రవారు పకపక నవ్వుదురు. నవ్వవలసిన ప్రశ్న కాదది. ఉన్నదానిలోనుండి ఒకదానిని తీసినచో ఉన్నది తరుగవలెనని, ఊరక వచ్చునది లోకమున ఏదియు లేదని, పందొమ్మిదవ శతాబ్దపు భౌతిక శాస్త్రజ్ఞులు ఎంతో శ్రమించి స్థాపించిన సూత్రమునే ఆ రైతు తన పొలము గట్టుపై నిలిచి పలుకుచున్నాడు. తరుగుదల కలదనుటలో అతడు పొరబడలేదు. తరిగినది ఏదో మాత్రము తెలియవలసియున్నది.

నీటిలోనుండి తీసినదేమి?

శ్రీశైల జలాశయము నిండుగా ఉన్నపుడు దాని నీటిమట్టము సముద్రమట్టమునకు 885 అడుగుల ఎత్తున నుండును. ఆ నీరు పెద్ద గొట్టముల గుండ క్రిందికి దిగి, ఇనుప రెక్కలు గల జలచక్రమును, అనగా టర్బైనును, త్రిప్పి నదిలోనికి పోవును. చక్రమునకు ముందు ఒక చెంబెడు, చక్రము దాటిన పిదప ఒక చెంబెడు ముంచి పరీక్షించినచో రెంటిలోను ఉప్పులు అవే, రుచి అదే. పైరునకు కావలసినది ఏదియు ఆ చక్రము చెంత నష్టపడలేదు. ఒండ్రుమట్టి జలాశయపు అడుగున పేరుకొనిపోవుటచే దిగువకు వచ్చు నీరు తేటపడుట నిజమే కాని, అది ఆనకట్ట చేసిన పని. కరెంటు తీయకున్నను అట్లే జరుగును.

నీరు పోగొట్టుకొన్నది తన ఎత్తును మాత్రమే. ఎత్తున నున్న ప్రతి వస్తువునందును క్రిందికి దిగుచు పని చేయగల శక్తి నిలువయుండును. చక్రమే లేక ఆ నీరు అలుగుపై నుండి దుమికినచో, ఆ శక్తి అంతయు హోరుగను, నురుగుగను, కట్టకడపట కొలువరానంత స్వల్పమగు వేడిమిగను మారి పోయెడిది. ఆ వేడిమి ఎంత స్వల్పమనగా, నీరు నాలుగు వందల మీటర్లకు పైగా పడినగాని ఒక్క డిగ్రీ వెచ్చబడదు. ఎట్లును పోవు ఎత్తును దారిలో పట్టి పని చేయించుకొనుటయే జలవిద్యుత్తు. కనుక పైరునకు భయము లేదు. కాని ఆ ఎత్తు తిరిగి కావలెనన్నచో ఎవరో ఒకరు మరల ఇయ్యవలసినదే. రాయలసీమ దక్షిణ కొసనున్న మనకు ఈ రెండవ మాటయే ముఖ్యము.

చక్రమునకు తెలియు భారము

తిరుగు చక్రము నుండి తీగలోనికి శక్తి ఎట్లు ప్రవేశించుననునది 1831 వరకు ఎవ్వరికిని తెలియదు. ఒక కమ్మరి కుమారుడై పుట్టి, పుస్తకములకు అట్టలు కట్టు దుకాణమున పనివాడై, చదువంతయు ఆ పుస్తకములలోనే సంపాదించిన మైకేల్ ఫారడే ఆ యేడు లండనులో కనిపెట్టిన సంగతి ఇది: రాగితీగ చుట్టలోనికి అయస్కాంతమును దూర్చునపుడును, తీయునపుడును ఆ తీగలో విద్యుత్తు కదలును, అయస్కాంతము ఊరకున్నచో విద్యుత్తు లేదు. చక్రపు ఇరుసునకు అయస్కాంతమును బిగించి, చుట్టును తీగచుట్టలను అమర్చి త్రిప్పిన యంత్రమే జనరేటరు. నేటి మహాయంత్రములలో కొలతలు పెరిగినవి గాని మూలసూత్రము మారలేదు.

ఇందు సామాన్యముగా చెప్పక విడిచిపెట్టు విషయము ఒకటి కలదు. తీగచుట్ట రెండు కొసలును కలిసి విద్యుత్తు పారుటకు దారి ఏర్పడినపుడు, ఆ పారు విద్యుత్తే ఒక అయస్కాంతమై, తిరుగు చక్రమును తిరుగనీయక వెనుకకు లాగును. దారి తెగియున్నపుడు చక్రము తేలికగా తిరుగును. దీపము వెలిగించినంతనే బరువెక్కును. వెనుకటి సైకిళ్లకు డైనమో తగిలించుకొని రాత్రివేళ తొక్కినవారికి ఇది పిక్కలలో తెలిసిన విషయమే. ఆ బరువులో కొంత టైరు రాపిడి వలన కలిగినదైనను, తక్కినది అచ్చముగా దీపపు వెలుతురు ఖరీదు.

ఇంకొక అపోహ కూడ తొలగవలెను. శ్రీశైలమున పుట్టిన విద్యుత్కణములు, అనగా ఎలక్ట్రానులు, కొండలు కోనలు దాటి ప్రయాణము చేసి చిత్తూరులో మన దీపమునకు చేరునని పలువురు తలంతురు. అవి ఎక్కడికిని పోవు. ఇద్దరు మనుష్యులు, ఒకడు దూలముపైనను ఒకడు గుంటలోను నిలిచి, కోతరంపమును పైకి క్రిందికి లాగుచుండుటను చూచితిమిగదా. రంపపు పళ్లు ఉన్నచోటనే వచ్చుచు పోవుచున్నవి, ఒక పన్నైనను దూలమును విడిచి పోలేదు, ఐనను కోత సాగుచున్నది. పైవాని కండబలము క్రిందనున్న కొయ్యలో పని చేయుచున్నది. దూలములో ముడి తగిలినంతనే ఆ బరువు పైవాని చేతికి తక్షణము తెలియుచున్నది. మన తీగలలోని కణములును అట్లే సెకనుకు 50 మారులు, వెంట్రుక మందములో ఎన్నవ వంతో అన్నంత కొలది దూరములో, ముందునకు వెనుకకు ఊగుచుండును. ఈ ఊపునే ఏకాంతర విద్యుత్తు, ఏసీ కరెంటు, అందుము.

దీని ఫలితము విచిత్రమైనది. వి.కోట దగ్గర ఒక రైతు స్టార్టరు మీట నొక్కినంతనే, తీగలతో ముడిపడిన జనరేటర్లన్నింటిపైనను ఆ అయిదు గుఱ్ఱాల మోటారు భారము పడును. అది ఏ యంత్రమునకును ఒంటిగా తెలియనంత చిన్నది. కాని ఉదయమున లక్షల మోటార్లు ఒక్కసారిగా తిరుగనారంభించినపుడు చక్రములన్నియు రవంత మందగించును, 50 ఊపులు 49.9కి దిగును. దానిని కనిపెట్టి, జలకేంద్రములో నీటి తలుపులును ఆవిరి కేంద్రములో ఆవిరి ద్వారములును ఇంకొంచెము తెరచుకొనును. కరెంటును ఒక గోదాములో నింపియుంచి మనకు పంచుచున్నారనుకొనుట పొరబాటు. మనము వాడు క్షణముననే అది పుట్టుచున్నది.

దక్షిణ రాష్ట్రముల తీగలజాలము 2013 డిసెంబరు 31న రాయచూరు–షోలాపూరు మార్గమున ఉత్తరాది జాలముతో ఒకే ఊపునకు కలిసినది. దానికి ముందు మనది వేరు ఊపు. అందుచేతనే 2012 జూలై చివరి రెండు దినములలో ఉత్తర భారతమున కోట్ల ఇండ్లు చీకటిలో మునిగినపుడు తిరుపతిలో దీపములు ఆరలేదు. నేడు కాశ్మీరము నుండి కన్యాకుమారి వరకు తిరుగు చక్రములన్నియు ఒకే లయలో తిరుగుచున్నవి. మానవుడు నిర్మించిన మహాయంత్రములలో ఇది ఒకటి.

శివసముద్రము నుండి బంగారు గనులకు

మన పొలిమేరకు కరెంటు తొలుత వచ్చినది దీపముల కొరకు కాదు, బంగారము కొరకు. కుప్పము దాటి మైసూరు సంస్థానపు సరిహద్దులో అడుగిడినంతనే కోలారు గనులు. ఆ గనులలో చిత్తూరు సీమ పల్లెల నుండి పోయిన తెలుగు కూలీలు తరతరములుగా పనిచేసిరి. పాతాళమునకు దిగిన కొలదియు మనుష్యులను దింపుటకు, రాళ్లను పైకి చేదుటకు, ఊరిన నీటిని తోడుటకు, గాలిని పంపుటకు అపారమైన బలము కావలసివచ్చెను. బొగ్గు సుదూరమునుండి రావలెను. అప్పుడు కావేరినది శివసముద్రము చెంత కొండలమీదినుండి దూకుచు వ్యర్థపరచుచున్న ఎత్తుపై మైసూరు ప్రభుత్వము దృష్టి పడినది. దివాను శేషాద్రి అయ్యరు పూనికతోను, జోలీ ద లోట్బినియేర్ అను ఇంజనీరు పర్యవేక్షణతోను ఆరంభమైన ఆ కేంద్రము 1902 జూన్‌లో పనిచేయ మొదలిడెను. దివాను మాత్రము దానిని చూడకయే 1901లో కీర్తిశేషుడయ్యెను. బెంగుళూరు వీధులకు ఆ వెలుగు 1905లో గాని రాలేదు. గనులు ముందు, పట్టణము పిదప. ధనమున్నచోటికి తీగ ముందుగా పోవుట అప్పటినుండియు ఉన్న ఆచారమే.

ఆ తీగ పొడవు సుమారు 92 మైళ్లు. ఆ కాలమున ప్రపంచములోనే అంత దూరము కరెంటును పంపిన మార్గములు అరుదు. అది ఎట్లు సాధ్యమైనదో తెలిసికొనినచో మన పొలాలలోని ట్రాన్స్‌ఫార్మర్ల ప్రయోజనము దానంతట అదే బోధపడును. విద్యుత్తు చేయు పని రెండు అంశములపై ఆధారపడును: ఎంత ఒత్తిడితో నెట్టుచున్నది, ఎంత ప్రవాహము సాగుచున్నది. మొదటిదానిని వోల్టులలోను రెండవదానిని ఆంపియర్లలోను కొలుతురు. ఒత్తిడి పదిరెట్లు పెంచినచో పదవ వంతు ప్రవాహముతోనే అదే పని జరుగును. తీగ వేడెక్కి నష్టపోవుటకు కారణము ప్రవాహమే. అది రెట్టించినచో నష్టము నాలుగింతలగును, పదవ వంతైనచో నష్టము నూరవ వంతునకు దిగును. అందువలన శివసముద్రమున ఒత్తిడిని ముప్పదివేల వోల్టులకు పైగా పెంచి పంపి, గనుల చెంత తగ్గించుకొనిరి. నేడును అదే క్రమము: పెద్ద గోపురములపై లక్షల వోల్టులు, ఊరి వెలుపలి సబ్‌స్టేషనుకు 33 వేలు, అక్కడినుండి చేల మీదుగా 11 వేలు, పొలములోని ట్రాన్స్‌ఫార్మరు దాటిన పిదప మోటారునకు నాలుగు వందల పైచిలుకు, ఇంటిదీపమునకు 230.

వేయి అడుగుల లెక్క

కరెంటు బిల్లులో కనబడు యూనిటు ఎంత పనియో చాలమందికి తెలియదు. వేయి వాట్ల పరికరము ఒక గంట నడచినచో ఒక యూనిటు అని పాఠ్యపుస్తకములు చెప్పును. అది సరియే గాని మనసునకు పట్టదు. మన ప్రాంతపు రైతుకు ఇట్లు చెప్పవలెను: వేయి లీటర్ల నీటిని పన్నెండు వందల అడుగుల ఎత్తునకు చేర్చు పని ఒక యూనిటు. కపిల తోలిన రోజులలో ఒక జత ఎద్దులు సుమారు రెండు గంటలు విడువక లాగినగాని అంత పని జరిగెడిది కాదు.

వాట్లకును యూనిట్లకును గల భేదమును చూడగోరువారు తిరుపతి–చిత్తూరు దారిలోని గాదంకికి పోవలెను. అక్కడి జాతీయ వాతావరణ పరిశోధనశాలలో 1024 ఆంటెన్నాలు నేలపై బారులు తీర్చి, ఆకాశములోనికి రేడియో తరంగములను పంపి, ఎంతో ఎత్తున వీచు గాలుల వేగమును వాటి ప్రతిధ్వని వలన కొలుచుచున్నవి. ఆ రాడారును మొదట నిర్మించినపుడు తరంగము విడుచు క్షణమున దాని బలము 25 లక్షల వాట్లు. ఆరు వందల అయిదు గుఱ్ఱాల మోటార్లకు మించిన బలము. కాని ఆ క్షణము సెకనులో అత్యల్ప భాగము. తక్కిన కాలమంతయు ప్రతిధ్వని వినుటయే. కనుక వాట్లు ఘనముగా ఉన్నను యూనిట్లు కొలదిగానే ఖర్చగును. బోరుమోటారు కథ దీనికి విరుద్ధము: వాట్లు కొలది వేలు మాత్రమే, కాని అది గంటల తరబడి ఆగదు.

చిత్తూరు సీమలో ఏడాది పొడవునా పారు నది లేదు. చెరువులు ఎండిన పిదప బావులు, బావులు ఎండిన పిదప బోర్లు. పడమటి మండలములలో బోర్లు వేయి అడుగులు దాటినవి. లెక్కకు రావలసినది బోరు లోతు కాదు, మోటారు నడచుచుండగా లోపల నీరు నిలుచు మట్టము. అది నిజముగా వేయి అడుగుల క్రిందనున్నదనుకొందము. ఎకరమునకు ఒక్క అంగుళము తడి ఇచ్చుటకు లక్ష లీటర్లకు పైగా నీరు కావలెను. పంపులోను మోటారులోను గొట్టములోను దాదాపు సగము శక్తి వ్యర్థమగునని చూచిన, ఆ ఒక్క తడికి సుమారు 170 యూనిట్లు పట్టును.

ఆ యూనిట్లు బొగ్గునుండి వచ్చినవైనచో? కడప జిల్లా ముద్దనూరు దగ్గర కలమళ్లలో రాయలసీమ థర్మల్ కేంద్రము కలదు. 1994లో మొదలై నేడు 1650 మెగావాట్ల సామర్థ్యమునకు పెరిగినది. అక్కడ నీరు పనిచేయదు, నీటి ఆవిరి పనిచేయును. బొగ్గు మంటతో నీటిని ఆవిరిగా మార్చి, దాని ఉధృతితో చక్రమును త్రిప్పుదురు. బొగ్గులోని వేడిమిలో మూడవ వంతు మాత్రమే కరెంటుగా మారి, తక్కినది చల్లార్పు గోపురముల మీదుగా గాలిలో కలియును. ఇది పనివారి లోపము కాదు, వేడిమి స్వభావమే అట్టిది. యూనిటుకు అర కిలోకు మించి, ముప్పాతిక కిలోకు లోపుగా బొగ్గు కాలును. కనుక మన ఎకరములోని టమాటాకు పెట్టిన ఆ అంగుళము తడి వెనుక ఒక క్వింటాలు బొగ్గు కాలినది. 2004 నుండి రైతునకు ఈ కరెంటు ఉచితమే. బొగ్గు మాత్రము కాలకమానదు.

హంద్రీ–నీవా కాలువ లెక్కయు ఇట్టిదే. శ్రీశైలపు వెనుక నీటిని మాల్యాల వద్ద ఎత్తి, కర్నూలు అనంతపురముల మీదుగా అంచెలంచెలుగా తోడుచు మదనపల్లె, పుంగనూరు, కుప్పము మెట్టలకు తెచ్చు పథకమది. మదనపల్లె సముద్రమట్టమునకు 2200 అడుగుల పైన నున్నది. శ్రీశైలమున క్రిందికి దిగి చక్రము త్రిప్పినచో సుమారు పావు యూనిటు ఇచ్చు వేయి లీటర్ల నీరే, మదనపల్లెకు ఎక్కవలెనన్నచో ఒక యూనిటుకు పైగా కోరును. పంపులలోను, కాలువ వాలులోను పోవునది దీనికి అదనము. ఐనను ఈ ఖర్చు వేయి అడుగుల బోరు ఖర్చుకంటె హెచ్చేమియు కాదను సంగతి, ఆ పథకమును తెగడువారును పొగడువారును కూడ గమనింపదగినది.

మోటారు ఏల కాలును?

పొలమునకు కరెంటు ఉన్న తీగలు మూడు వచ్చును, ఇంటికి ఒకటి. జనరేటరులో మూడు తీగచుట్టలను వలయములో మూడవ వంతు ఎడముగా అమర్చుటచే మూడింటిలోను ఊపు ఒకదాని వెనుక ఒకటిగా వచ్చును. ఈ మూడు ఫేజులను మోటారులోని మూడు చుట్టలకు ఇచ్చినపుడు, ఏదియు కదలకయే, వాటి నడుమ అయస్కాంతబలము గిరగిర తిరుగును. నడుమనున్న ఇరుసు దానివెంట తిరుగును. ఇరుసునకు తీగ తగులదు, నిప్పురవ్వ లేదు, అరుగు భాగములు కొలది. అందుచేతనే దానిని నీటిలో ముంచి వందల అడుగుల లోతున విడువవచ్చును. దాని తీగలకు నీరు చొరని ప్లాస్టిక్ తొడుగుండును. చుట్టునున్న నీరు షాకు కొట్టుటకు మారుగా మోటారును చల్లబరచును.

మరి పీలేరులోను పుంగనూరులోను రీవైండింగు దుకాణముల ముందు ఇన్ని కాలిన మోటార్లు ఏల పడియున్నవి? స్తంభముపై ఒక ఫ్యూజు పోయినపుడు మూడవ ఫేజు తప్పును; తిరుగుచున్న మోటారు ఆగదు, అదే బరువును మిగిలిన రెండు తీగలతోనే మోయ యత్నించును, వాటిలో ప్రవాహము మితిమీరును. ఆగియున్న మోటారైనచో తిరుగక గుర్రుమనుచు కొలది నిమిషములలో మాడిపోవును. లో వోల్టేజీ చేయు చెరుపును ఇట్టిదే: ఒకే ట్రాన్స్‌ఫార్మరుపై అందరును ఒక్కమారు మోటార్లు వేసినచో లైను చివరి పొలమునకు ఒత్తిడి తగ్గును, నీటి బరువు మాత్రము తగ్గదు, తగ్గిన ఒత్తిడికి బదులు మోటారు ఎక్కువ ప్రవాహమును లాగుకొనును. రెట్టింపు ప్రవాహము నాలుగింతల వేడియని పైన చూచితిమి. దీనిని నివారించుటకే, ప్రవాహము మితిమీరినపుడు దారిని తెంచు రిలే స్టార్టరులో ఉండును. అది మాటిమాటికి పడిపోవుచున్నదని విసిగి దానిని కట్టివేయువారు మోటారు కాలిన నాడు కరెంటువారిని తిట్టుదురు.

చక్రము లేని కరెంటు

ఇంతవరకు చెప్పిన కరెంటంతయు ఏదో ఒక చక్రము త్రిప్పినది. తిరుమల కొండలపై కాకులకొండ చెంత తిరుగు గాలిమరలును ఆ కోవలోనివే. సూర్యఫలకము, అనగా సోలార్ ప్యానెలు, వేరు జాతి. దానిలోని సిలికాను పలుకుపై వెలుతురు పడినంతనే విద్యుత్కణములు చోటు విడిచి ఒకే దిక్కునకు కదలును. ఆ ప్రవాహములో ఊపు లేదు. ఇన్వర్టరు దానిని సెకనుకు 50 ఊపులుగా మార్చి జాలములోనికి విడుచును. 2017లో కర్నూలు జిల్లా గని, శకునాల గ్రామముల చెంత వెలసిన వేయి మెగావాట్ల క్షేత్రము ఇట్టిదే.

పడిన వెలుతురులో సుమారు అయిదవ వంతు మాత్రమే ఫలకము కరెంటుగా మార్చగలదు. వంటకు కావలసినది వేడిమియే గనుక, ఎండను కరెంటుగా మార్చి ఆ కరెంటును మరల వేడిగా మార్చుట తెలివిగల పని కాదు. తిరుమలలో 2002లో నెలకొల్పిన ఏర్పాటు దీనిని గ్రహించినది: 106 అద్దపు పళ్లెములు సూర్యుని వెంట తిరుగుచు ఎండను ఒకచోటికి చేర్చి నీటిని ఆవిరిగా మార్చగా, ఆ ఆవిరితోనే దినమునకు సుమారు 15,000 మందికి అన్నప్రసాదము ఉడుకునట్లు అమర్చిరి. అందు కరెంటు పాత్ర స్వల్పము.

పూర్వము వ్యవసాయమునకు కరెంటు తరచుగా రాత్రివేళ వచ్చెడిది. పట్టణములు నిద్రించునపుడు మిగిలిన బలమును పొలములకు మరలించెడివారు. టార్చిలైటు పట్టుకొని గట్లపై పోయి మోటారు వేసి, పాము కరచియో, తడి చేతులతో స్టార్టరు ముట్టియో మరణించిన రైతుల కథలు ప్రతి పల్లెలోను కలవు. ఎండ కరెంటు పెరిగిన పిదప పగటి పూటయే బలము హెచ్చుచున్నది. పొలములకు పగలే తొమ్మిది గంటలు ఇచ్చు పద్ధతి దానితో చక్కగా పొందుపడినది.

చిక్కంతయు సాయంకాలమున. ఎండ పోవును, ఇండ్లలో దీపములు వెలుగును. వాడు క్షణముననే పుట్టవలసిన కరెంటును మధ్యాహ్నము నుండి రాత్రికి నిలువయుంచుట ఎట్లు? బ్యాటరీలు కలవు గాని, ఇంత పెద్ద పరిమాణమునకు అవి నేటికిని ప్రియమైనవే. శ్రీశైలము ఎడమగట్టు భూగర్భ కేంద్రములో ఒక్కొక్కటి 150 మెగావాట్లు గల ఆరు యంత్రములు కలవు; అవి రెండు దిక్కులకును తిరుగగలవు. కరెంటు కరవైనపుడు నీటిని దింపి జనరేటర్లగును. మిగులున్నపుడు మోటార్లై దిగిన నీటినే మరల జలాశయములోనికి ఎక్కించును. అట్లు ఎక్కించుటకు నాలుగు యూనిట్లు ఖర్చు పెట్టినచో తిరిగి వచ్చునవి సుమారు మూడు.